అద్దానికి ఇవతల

కారు అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి, ముందు సీటు పక్కది మాత్రం నాలుగు వేళ్లు దూరేంత దించారు, లోపల కూర్చున్న మనిషికి గాలాడాలి కదా అని. ఆ లోపలి మనిషి లక్ష్మీప్రసన్న. వెనక సీట్లో ఎడమ తలుపుకి ఒదిగి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, నల్ల చున్నీ ఒకటి రెండు చేతులతో అద్దానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని కూర్చుంది. వెనక నలుపు ఉంటేనే అద్దం మీది తెల్ల మరకలు బయటివాళ్ల కళ్లకి ఆనుతాయి. మరక కనపడకపోతే అది పోయిందని కూడా ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరో ఒకరు లోపల కూర్చుని చున్నీ పట్టుకోవాలి. నేను కూర్చుంటా అని ప్రసన్నే అంది, జగన్నాథరావు సారు మాట పూర్తి చేయకముందే. ఆ పిల్ల నోట్లోంచి అంత తొందరగా మాట రావడం చూసి సారు నవ్వారు కూడా. బయట నిలబడి మాట్లాడేది కృష్ణప్రియ. నందిగామ హైస్కూలు ఆవరణ నిండా బల్లలు, చార్టులు, థర్మాకోల్ ఇళ్లు, బ్యాటరీతో తిరిగే గాలిమరలు. సైన్సు ఫెయిర్‌కి ఏకంగా కారునే తీసుకొచ్చిన బడి మాత్రం వాళ్లదొక్కటే. గోడ పక్కన వేపచెట్టు నీడ చూసి పెట్టించారు, ఎండ తగిలితే పని చెడిపోతుందని. ఎండ సంగతి చెప్పింది కూడా ప్రసన్నే, సారుకి కాదు, కృష్ణప్రియ చెవిలో. కృష్ణప్రియ సారుకి చెప్పింది. వాళ్లిద్దరి మధ్య పద్ధతే అది.

చున్నీ పల్చటిది. బయట వెలుతురు, లోపల చీకటి. అందుకని మరకల సందుల్లోంచి ప్రసన్నకి అందరూ కనిపిస్తున్నారు, ప్రసన్న ఎవరికీ కనిపించడం లేదు. ఇలాంటి చోటు ఒకటి లోకంలో ఉంటుందని ముందే తెలిస్తే పుట్టినప్పటి నుంచీ ఇందులోనే ఉండేదాన్ని కదా అనుకుంది పొద్దున కూర్చోగానే. క్లాసులో పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనకుండా చెయ్యెత్తి ఊరుకునే పిల్ల. చుట్టాలొస్తే ధాన్యం బస్తాల గదిలోకి పోయి కూర్చునే పిల్ల. నోట్లో నాలుక లేనిదాన్ని కన్నావే అని నాన్న అమ్మని వేళాకోళం చేస్తే, ఉన్న నాలుకలన్నీ మీ అమ్మకే ఇచ్చాడు దేవుడు, దీనిదాకా ఏం మిగిల్చాడు అని అమ్మ అంటుంది, నానమ్మ వినేటట్టే. నానమ్మ నవ్వుతుంది. నానమ్మ పేరు తిరుపతమ్మ, ఆమె నవ్వితే వీధి చివర బర్రెలు తలతిప్పి చూస్తాయి. ఇప్పుడు ఆ నానమ్మ ఇంటి దగ్గర ఏం చేస్తూ ఉంటుంది, గంజి పులియబెట్టే తరవాణి కుండ దగ్గర కూర్చుని పొద్దున్నుంచీ ఎవరు కనపడితే వాళ్లని ఆపి, మా ప్రసన్న నందిగామ పోయింది, నా కుండలో నీళ్లు సీసాల్లో పోసుకుని పోయింది, అక్కడ పెద్ద పెద్ద సార్లకి చూపిద్దట అని చెప్తూ ఉంటుంది. చూపిద్దట. చున్నీ పట్టుకున్న చేతులు కొంచెం కిందికి దిగాయి, మళ్లీ ఎత్తింది.

అద్దాన్ని టేపుతో నిలువు పట్టీలుగా విడదీశారు, చూడ్డానికొచ్చిన గుంపుకో పట్టీ తుడిచి చూపించడానికి. మొదట వచ్చింది కంచికచర్ల వైపు నుంచి వచ్చిన మగపిల్లల గుంపు. ముందు అద్దం సందులోంచి వాళ్ల మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఒరేయ్, లోపలేదో కదుల్తుందిరా."

"దెయ్యంరా. మరకలన్నీ అదే నాకుద్ది. వీళ్లు ఊరికే గుడ్డేసి తుడిచినట్టు యాక్షన్."

"దెయ్యం కాదు, నా ఫ్రెండు," అంది కృష్ణప్రియ. "మీ ప్రాజెక్టులో గాలిమర తిరగట్లేదంట కదా, పోయి దానికి పట్టిందేమో చూసుకోండి ముందు."

అందరూ గొల్లుమన్నారు. లోపల ప్రసన్న కూడా నవ్వింది, చున్నీ వణికింది. నా ఫ్రెండు అంది. పట్టుకుని చూస్తే వెచ్చగా ఉండే మాట అది, బడికొచ్చేటప్పుడు దారిలో కొనుక్కున్న ఉడకబెట్టిన వేరుసెనక్కాయల పొట్లంలాగా. ఏడో తరగతిలో జగ్గయ్యపేట ప్రైవేటు బడి మానేసి వీళ్ల బడికొచ్చింది కృష్ణప్రియ, వచ్చిన రోజే అన్ని బెంచీలూ వదిలి ప్రసన్న పక్కన కూర్చుంది, ఎందుకే అంటే నువ్వు మాట్లాడవుగా, నేను మాట్లాడితే వినేవాళ్లు కావాలి నాకు అంది. అప్పట్లో అది ఎంత బాగుందో. ఎవరైనా ఏదన్నా అడిగితే ప్రసన్న కృష్ణప్రియ వైపు చూస్తుంది, కృష్ణప్రియ చెప్తుంది, ప్రసన్నకి తలనొప్పంట సార్, ప్రసన్న లెక్క చేసింది సార్ సరిగ్గానే వచ్చింది, ప్రసన్నకి ఆ రంగు వద్దంట అండి వేరేది చూపించండి. మూడేళ్లుగా తన గొంతు వేరే మనిషి మెడలో ఉంది. ఉంటే ఏమైంది అనుకుంది ఇన్నాళ్లూ, పని జరుగుతుందిగా.

ఊరిది ముక్త్యాల రోడ్డు. భూమి ఎక్కడ తవ్వినా సున్నపు రాయే, ఆ రాయి కోసమే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ రాయిలోంచే బోరు నీళ్లూ వస్తాయి. కందిపప్పు ఎంతకీ ఉడకదు, సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు చీపురు కట్టే. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి మర్చిపోతే తెల్లారేసరికి లోపల తెల్లగా గీత. పుస్తకంలో దాన్ని కఠినజలం అన్నారు, ఆ పాఠం చదివినప్పుడు ప్రసన్నకి నవ్వొచ్చింది, ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు, ఉప్పు నీళ్లు అంటారు, సున్నం నీళ్లు అంటారు, నానమ్మైతే మొండి నీళ్లు అంటుంది. ఆ మొండి నీళ్లతో కృష్ణప్రియ వాళ్ల నాన్న కుటుంబరావు గారు ప్రతి పొద్దునా కారు కడుగుతాడు. ఊళ్లో అంత శ్రద్ధగా కారు కడిగే మనిషి లేడు. లుంగీ ఎగగట్టి, బోరు గొట్టం బొటనవేలితో నొక్కిపెట్టి, నలుమూలలా కొట్టి, ఆరాలని ఎండలో పెడతాడు. ఎండకి నీళ్లు పోతాయి, సున్నం అద్దం మీదే ఉంటుంది. మర్నాడు మరకలున్నాయని ఇంకాసేపు కడుగుతాడు. రోడ్డు మీద దుమ్ము కొట్టుకుపోయే లారీల అద్దాలైనా నయం, ఒక తుడుపు తుడిస్తే మనిషి కనపడతాడు. కుటుంబరావు గారి కారు అద్దాలు మాత్రం కడిగినకొద్దీ తెల్లబడి, కడిగినకొద్దీ తెల్లబడి, పెనుగంచిప్రోలు తిరునాళ్లకి ప్రసన్నని కూడా ఎక్కించుకుపోయినప్పుడు కిటికీలోంచి చూస్తే పత్తి చేలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయాయో తెలియలేదు. రోజూ కడుగుతాడే మా నాన్న, అయినా ఇంతే అంది కృష్ణప్రియ. ప్రసన్న గోటితో గీకి చూసింది. గరుగ్గా ఉంది. ఇది మురికి కాదు, మా నీళ్ల కాగు లోపల పట్టేదే ఇది అనుకుంది. అనుకుని ఊరుకుంది. అనుకున్నవి పైకి అనడానికి ఆ పిల్లకి వారం పడుతుంది.

నీళ్ల కాగులో సున్నం పెచ్చు కట్టినప్పుడు నానమ్మ చేసే పని ఒకటుంది. బియ్యం కడిగిన నీళ్లూ గంజీ పోసి రోజుల తరబడి పులియబెట్టే కుండ ఆమెది, ఇంట్లో ఇప్పుడు ఆమె తప్ప ఎవరూ తాగని తరవాణి, ఆ వాసనకి అమ్మ ముక్కు మూసుకుని పెరట్లో పెట్టించింది. పైన తేరుకున్న తేట నీళ్లు కాగులో పోసి ఒక రాత్రి వదిలేస్తుంది. పొద్దున పీచుతో ఒక్కసారి తిప్పితే పెచ్చు మెత్తగా ఊడొచ్చేస్తుంది. ఎట్లా నానమ్మా అంటే, చెయ్యి ఇలా బోర్లించి, మెల్లగా వెల్లకిలా తిప్పి చెప్తుంది. సున్నానికి పులుపంటే భయమే పిల్లా. ఉట్టి నీళ్లతో ఎంత తోమినా అది నవ్వుద్ది. పుల్లటిది పోసి నువ్వు ఊరుకో. అదే దిగొచ్చుద్ది. ప్రసన్న ముందు నిమ్మకాయతో చూసింది, అది ఎండలో ఆరి దాని మరక అది పెట్టుకుంది. చింతపండు పులుసుతో చూసింది, చారలు చారలుగా ఎర్రబారింది, కుటుంబరావు గారు నా కారుకి చారు పోస్తున్నారేంటమ్మా, పోపు కూడా పెట్టండి అన్నాడు. తరవాణి తేటలో పాత పంచె ముక్క తడిపి, నీడలో, అద్దానికి అంటించి, జడ వేసుకున్నంత సేపు కదపకుండా ఉంచి తీస్తే అప్పుడు పోయింది. పోయినచోట అద్దం ఉందా లేదా అన్నట్టయింది. తర్వాత బోరు నీళ్లతో కడిగితే మళ్లీ మొదటికొచ్చింది, ఏడుపొచ్చింది, నానమ్మ వాన నీళ్లు పట్టిపెట్టుకునే డ్రమ్ములోంచి చెంబెడు తెచ్చి కడిగితే నిలిచింది. ఇవన్నీ చేసేటప్పుడు కృష్ణప్రియ పక్కనే ఉంది, కారు మడ్‌గార్డు మీద కూర్చుని వేరుసెనక్కాయలు తింటూ, కంపు కొడుతుందే నీ ప్రాజెక్టు అంటూ. నీ ప్రాజెక్టు అంది. ఆ మాట ఆమే అంది.

రెండో గుంపు వచ్చింది, మూడో గుంపు వచ్చింది. ఆడపిల్లలు, వాళ్ల వెనక టీచర్లు. కృష్ణప్రియ మాట్లాడుతూనే ఉంది, పట్టీ వెనక పట్టీ తేట పడుతూ ఉంది, తేటపడినచోటి నుంచి కృష్ణప్రియ గాజులు, నడుముకి కట్టుకున్న చేతిరుమాలు, ఆ వెనక ఫోను ఎత్తి వీడియో తీస్తున్న కుటుంబరావు గారు. మొదటి గుంపుతో మేమిద్దరం అంది. తర్వాత మేం అంది. ఆ తర్వాత ఏమందో సరిగ్గా వినపడలేదు, పక్క బల్ల దగ్గర అగ్నిపర్వతం పేలింది. ఏముందిలే, ఒక ఊపులో అనేస్తుంది మనిషి. పొద్దున కారులో వచ్చేటప్పుడు కూడా అంతే, చిల్లకల్లు దాటాక హైవే పక్కన టీ కోసం ఆపితే, టీ కొట్టాయన వెనకాల సీసాలు చూసి ఏంటండి ఇవి అంటే, మా అమ్మాయి ప్రాజెక్టండి అన్నాడు కుటుంబరావు గారు. ముందు సీట్లో జగన్నాథరావు సారు టీ ఊదుకుంటూ ఉన్నారు. ఎవరి కూతురి సంగతి వాళ్లు చెప్పుకుంటారు అనుకుంది ప్రసన్న. కృష్ణప్రియ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది, నువ్వు లోపల హాయిగా కూర్చో, నేను చూసుకుంటాగా అంది. ఆ నొక్కుడు ఇంకా చేతి మీద ఉన్నట్టే ఉంది. మోచేతులు లాగుతున్నాయి. చున్నీకి కృష్ణప్రియ వాళ్లక్క పౌడరు వాసన.

జడ్జీలు వస్తున్నారని అరుపు వినపడింది. వచ్చింది ముగ్గురే, అందులో మాట్లాడేది ఒక్కాయనే, తెల్ల చొక్కా, బట్టతల, విజయవాడలో కాలేజీ లెక్చరరట. మిగిలింది ఒక్క పట్టీ. దీనికోసమే కదా ఇన్నాళ్లూ. ఇక్కడ ఎంపికైతే రాష్ట్రం పోటీకి పేరు వెళ్తుందని సారు ఇంటికొచ్చి నాన్నకి చెప్పారు. నాన్న పత్తి తక్కెడ దగ్గరనుంచి తల తిప్పకుండా, అంత సత్తా ఉన్నదే అయితే చూపించమనండి మాస్టారూ, పదో తరగతయ్యాక నందిగామ హాస్టలు సంగతి అప్పుడు మాట్లాడదాం, లేకపోతే ఇంటికాడ మిషను నేర్చుకుంటది అన్నాడు. ఇద్దరు పిల్లల పేర్లూ రాస్తా రాంబాబు గారూ, మీ అమ్మాయిదే అసలు బుర్ర అన్నారు సారు. నానమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, కుండ మూత తీసి వాసన చూసి, బాబోయ్ అని నవ్వి, మీకు దండమండి తిరుపతమ్మగారూ అన్నారు. ప్రసన్న గుమ్మం వెనక నిలబడి విన్నది. అసలు బుర్ర అన్న మాట ఆ రాత్రి డైరీలో రాసుకుని, కొట్టేసింది, మరీ గొప్పలు పోయినట్టుందని.

"నమస్తే సార్," అంది కృష్ణప్రియ. పంచె ముక్క సీసాలో ముంచి, పిండి, చివరి పట్టీ మీద అంటించింది. సరిగ్గా అంటించింది, గాలిబుడగ లేకుండా, పై నుంచి కిందికి అరచేత్తో నిమురుతూ. "ఇప్పుడు దీన్ని జడ వేసుకున్నంత సేపు కదపకూడదు సార్. మా నానమ్మ టైమంతా అలాగే చెప్తుంది సార్."

ప్రసన్నకి మొదట అది తప్పుగా వినపడింది అనిపించింది. ప్రసన్న వాళ్ల నానమ్మ అనే కదా తను కాగితం మీద రాసిచ్చింది. తిరుపతమ్మగారు అని కూడా రాసిచ్చింది.

"మా ఇంట్లో తరవాణి కుండ ఉంటది సార్, పెరట్లో. మా అమ్మ వాసన పడదని పెరట్లో పెట్టించింది. నీళ్ల కాగుకి సున్నం పడితే మా నానమ్మ ఆ తేట పోసేది. ఎట్లా నానమ్మా అని అడిగా సార్ ఒకరోజు." కృష్ణప్రియ చెయ్యి బోర్లించింది. మెల్లగా వెల్లకిలా తిప్పింది. "సున్నానికి పులుపంటే భయమే పిల్లా అంది సార్. ఉట్టి నీళ్లతో ఎంత తోమినా అది నవ్వుద్ది. పుల్లటిది పోసి నువ్వు ఊరుకో, అదే దిగొచ్చుద్ది."

జడ్జి గారు పకపకా నవ్వారు. "బలే చెప్పిందమ్మా పెద్దావిడ. చదువుకుందా?"

"లేదు సార్. కానీ అన్నీ తెలుసు సార్ మా నానమ్మకి." ఇక్కడ గొంతు కొంచెం తగ్గించింది. కళ్లు కూడా చెమ్మగిల్లాయేమో, చున్నీలోంచి అంత కనపడదు.

నిన్న సాయంత్రం. బడి గేటు దగ్గర. ఒసే, మీ నానమ్మ ఆ మాట ఎలా అంటదే, ఇంకోసారి అను, చెయ్యి ఎలా తిప్పుద్ది. ప్రసన్న అంది, చెయ్యి తిప్పి చూపించింది, అచ్చం నానమ్మలా గొంతు బొంగురు చేసి, ఎవరి ముందూ చేయనిది కృష్ణప్రియ ముందు చేసింది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నేర్చుకుంది. బొటనవేలు ఎక్కడ ఉండాలో కూడా ప్రసన్నే దిద్దింది. అసలు కృష్ణప్రియ నానమ్మ ఎవరు, విజయవాడలో అపార్టుమెంటులో ఉండే మనిషి, పెరుగు పులుస్తుందని ఫ్రిజ్‌లోంచి తీయనివ్వని మనిషి, తరవాణి అంటే ఏంటమ్మా అని ప్రసన్ననే అడిగిన మనిషి. కుండ పోతే పోనీ. కాగు, తేట, వాన నీళ్లు పోతే పోనీ. చదువులో నకలు కొట్టేవాళ్లు ఉంటారు, జవాబు చూసి రాసుకుంటారు, అది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ మనిషిని తీసుకుపోతారా. నానమ్మని పట్టుకుపోతారా ఇలా, చేతిని ఒకటిగా, మాటని ఒకటిగా, నవ్వుని ఒకటిగా, ఇంట్లో ఇప్పుడు ఆమె కూర్చుని ఎదురు చూస్తూ ఉంటే. సాయంత్రం పోయాక, ఏమన్నారే సార్లు అంటుంది. బలే చెప్పింది పెద్దావిడ అన్నారు నానమ్మా. నా పేరు చెప్పావా. అప్పుడేం చెప్పాలి.

"ఇదంతా నువ్వొక్కదానివే చేశావా?"

కృష్ణప్రియ కారు వైపు చూసింది. తిన్నగా చున్నీలోకి, ప్రసన్న కళ్లలోకి చూసినట్టే ఉంది, కానీ ఆమెకి కనపడేది నలుపు ఒక్కటే. నలుపుని చూసే అంది. "అవును సార్."

"మరి లోపలెవరో ఉన్నట్టున్నారే?"

"మా ఊరి అమ్మాయి సార్. గుడ్డ పట్టుకోటానికి తీసుకొచ్చాం."

జగన్నాథరావు సారు అక్కడే ఉన్నారు, వేపచెట్టు మొదలుకి అవతల. ప్రసన్న ఆయన వైపే చూసింది. ఆయన ఇప్పుడు అంటారు. ఒక్క నిమిషమండీ అంటారు. ఆయన కళ్లద్దాలు తీసి జేబురుమాలుతో తుడుచుకుంటున్నారు, ముందు వైపు, వెనక వైపు, మళ్లీ ముందు వైపు. జడ్జి గారు ఆయన వైపు తిరిగి, ఒక్కరి పేరే కదా మాస్టారూ మీరిచ్చింది అన్నారు. అవునండి, ఫారంలో ఒక్కరి పేరే ఎక్కుద్దన్నారు కదా, ఈ అమ్మాయిదే ఇచ్చాం, బాగా మాట్లాడుద్దండి అన్నారు సారు. కళ్లద్దాలు ఇంకా పెట్టుకోలేదు. ఇచ్చాం అన్నారు. అంటే ఎప్పుడో ఇచ్చారు. టీ కొట్టు దగ్గర ఆయన టీ ఊదుకుంటూ ఉన్నప్పటికే ఇచ్చేశారు, నానమ్మ మజ్జిగ తాగినప్పుడే ఇచ్చేశారేమో, ఎవరికి తెలుసు. ఈ కారులో వచ్చిన నలుగురిలో ముగ్గురికి తెలుసు. నాలుగో మనిషికి కూర్చోడానికి చోటు చూపించారు. ఆ చోటుని తనే ఎగిరి గంతేసి తీసుకుంది. నేను కూర్చుంటా అని ఎంత తొందరగా అంది, సారు ఎందుకు నవ్వారు అప్పుడు, పిల్ల నోరు తెరిచిందనా, పని తేలికైందనా.

జడ వేసుకున్నంత సేపు అంటే చాలా సేపే. ఆ సేపట్లో బయట జడ్జి గారు వాచీ చూసుకున్నారు, కుటుంబరావు గారు ఫోను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ప్రసన్న చేతులు పైకే ఉన్నాయి. ఎందుకు పైకి ఉన్నాయో తనకే తెలియలేదు, ఎవరో చెప్పిన పని మధ్యలో వదలకూడదు అని నేర్పిన చేతులు, వాటికి ఇంకా సంగతి చేరలేదు. మనసులో మాత్రం ఏవేవో దొర్లుతున్నాయి, మూడేళ్లలో కృష్ణప్రియ తన బదులు చెప్పినవన్నీ. తలనొప్పంట సార్. ఆ రోజు తలనొప్పి కాదు, భయం. ఆ రంగు వద్దంట అండి. వద్దని తను అనలేదు, ఆ రంగే కావాలనుకుంది, కృష్ణప్రియకి నచ్చలేదు. లెక్క సరిగ్గానే వచ్చింది సార్. అది నిజమే. ఏది తను చెప్పమన్నది, ఏది ఆమె కల్పించింది, ఇప్పుడు ఏరుకుందామంటే బియ్యంలో తెల్ల రాళ్లలాగా ఒకటే రంగులో ఉన్నాయి అన్నీ. నువ్వు మాట్లాడవుగా అని పక్కన కూర్చుంది మొదటి రోజే. దాచిపెట్టలేదు, మొహం మీదే చెప్పింది.

కృష్ణప్రియ పంచె ముక్క ఒక మూల పట్టుకుని మెల్లగా లాగింది. పొడిగుడ్డతో ఒక తుడుపు. వాన నీళ్లు ఒక చెంబు, పైనుంచి సన్నగా. మళ్లీ పొడిగుడ్డ. ఎక్కడన్నా తప్పు చేస్తుందేమో అని చూస్తున్నట్టు అప్పుడు గాని ప్రసన్నకి తెలియలేదు. ఒక్కటి చేస్తే చాలు, బోరు నీళ్ల సీసా తీసినా చాలు. చేయలేదు. ఎలా నేర్పితే అలా చేసింది, నేర్పినదానికన్నా నీటుగా చేసింది. అబ్బ, కొత్త అద్దంలాగా వచ్చిందే అన్నారు జడ్జి గారు వంగి. ఆయన మొహం వెడల్పుగా, దగ్గరగా, ఆ పట్టీ నిండా వచ్చింది, పై పెదవి మీద చెమట కూడా కనపడుతుంది. ఆయన మాత్రం అద్దం వెనకున్న నలుపుని చూసి మెచ్చుకుంటున్నారు. ఆ పక్కనే కృష్ణప్రియ మొహం. ఏదన్నా మారి ఉంటుందేమో అనుకుంది. ఏం మారలేదు. అదే కాటుక, నవ్వితే కుడి బుగ్గ మీద పడే అదే సొట్ట. రేపు బడిలో ఇదే మొహం పక్కన కూర్చుంటుంది.

వాళ్లు తర్వాతి బల్ల వైపు తిరుగుతున్నారు.

చేతులు దిగిపోయాయి. దించుదామని దించలేదు, వాటికి అప్పటికి సంగతి చేరినట్టుంది. చున్నీ ఒళ్లో పడింది, నలుపు పోగానే అద్దం మీద పట్టీలేవో మరకలేవో తేడా తెలియకుండా పోయింది, బయట నుంచి ఎవరికన్నా కనపడితే ఒక పిల్ల కనపడుతుంది. "ఒసే, ఎత్తవే, ఇంకా చూస్తున్నారు," అంది కృష్ణప్రియ పళ్ల సందునుంచి. ప్రసన్న తలుపు పిడి లాగింది. రాలేదు. గట్టిగా లాగింది, భుజంతో తోసింది. చిన్నపిల్లలు జారి పడకుండా వెనక తలుపులు లోపల నుంచి రాకుండా బిగిస్తారని ఆ పిల్లకి ఎవరు చెప్పారు, కారు ఎక్కిందే నాలుగైదు సార్లు, ఎక్కినప్పుడల్లా తలుపు వేరేవాళ్లే తీశారు. కిందుగా చెయ్యి పెడితే అద్దం తిప్పే పిడి తగిలింది. తిప్పింది. బిగుసుకుని ఉంది, రెండు చేతులూ వేసి తిప్పింది. అద్దం కిర్రుమంటూ కదిలి, టేపులూ, తుడిచిన పట్టీలూ, తడి ఆరని అంచులూ అన్నీ కలిపి తలుపులోకి దిగిపోయింది. బయటి గాలి మొహానికి కొట్టింది. ఆవరణలో అంత గోల ఉందని అప్పటిదాకా తెలియదు.

జడ్జి గారు వెనక్కి తిరిగారు. కుటుంబరావు గారు ఫోను దించాడు. సారు కళ్లద్దాలు పెట్టుకుని, ప్రసన్నా, ఏంటమ్మా, నీళ్లు కావాలా అన్నారు, ఎంతో దయగా. కృష్ణప్రియ మాత్రం చేతిలో తడిగుడ్డతో అలా నిలబడి చూసింది, కళ్లల్లో నీళ్లు నిండి, కింది పెదవి వంకరపోయి, నమ్మిన మనిషి నడివీధిలో మోసం చేస్తే ఎలా చూస్తారో అచ్చం అలా చూసింది. అది చూడగానే ప్రసన్నకి ఒక్క క్షణం నిజంగానే తనదే తప్పేమో అనిపించింది, మళ్లీ అద్దం ఎత్తేద్దామా అనిపించింది, పిడి మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది.

ఆ చెయ్యి తీసి కిటికీలోంచి బయట పెట్టింది. తడుముకుని, బయటి పిడి పట్టుకుని, తలుపు తనే తీసుకుంది. దిగితే కాళ్లు తిమ్మిరెక్కి నేల ఎక్కడుందో తెలియలేదు. కారుని ఆనుకుని నిలబడింది. జడ్జి గారి చొక్కా మూడో గుండీ మీద చూపు పెట్టింది, అంతకన్నా పైకి ఎత్తడం తన వల్ల కాదు.

"కారూ చున్నీ వాళ్లవండి," అంది. "మిగతాదంతా మా నానమ్మదీ, నాదీ."

గొంతు బయటికొచ్చిందో, లోపలే అనుకుందో తనకే తెలియలేదు. అందుకని ఇంకోసారి చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా.